మొరాయించిన యంత్రం - అయ్యగారి సాంబశివరావు జీవితం

మహనీయుల జీవిత చరిత్రలు చదివేటప్పుడు మనం సాధారణంగా రెండు విషయాలు వెదుకుతాము. ఒకటి, వారు పొందిన గౌరవాలు, అధిష్ఠించిన పదవులు. రెండవది, వారు పని చేసిన పద్ధతి. మొదటిది మనకు గర్వాన్ని కలిగిస్తుంది. రెండవదానిని గ్రహించగలిగితే అది మన చేతికి ఒక పనిముట్టు అవుతుంది. భారతదేశంలో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమకు పునాదులు వేసిన వారిలో అగ్రగణ్యులు, ఏ. ఎస్. రావుగా లోకప్రసిద్ధులైన అయ్యగారి సాంబశివరావుగారు. వారి జీవితాన్ని ఈ రెండవ దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ఆ పనిముట్టు ఎక్కడ ఉపయోగపడుతుందో ముందుగానే చెప్పుకొనుట మంచిది. తెనాలిలోను, బాపట్లలోను, రేపల్లెలోను నేడు కంప్యూటర్ లేని కళాశాల గాని, కార్యాలయం గాని అరుదు. పిల్లల చదువు కోసం పాత కంప్యూటర్‌ను తక్కువ ధరకు కొని ఇంటిలో పెట్టుకున్న కుటుంబాలు కూడ అనేకం. ఒకనాడు ఆ యంత్రం మొరాయిస్తుంది. మీట నొక్కగానే దీపం వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, కాని తెరపై ఏమీ కనిపించదు. లేదా ఏదో ఒక ఆంగ్ల వాక్యం కనిపించి అక్కడితో ఆగిపోతుంది. పరీక్ష దరఖాస్తుకు గడువు మరునాడే ఉండవచ్చును. ఏడాది పాటు శ్రమించి తయారుచేసిన ప్రాజెక్టు నివేదిక ఆ పెట్టెలోనే ఉండవచ్చును. అటువంటి వేళ తొందరపాటుతో చేసిన పని వలన కొన్ని వందల రూపాయలతో పోయే నష్టం కొన్ని వేలకు పెరగవచ్చు, లేదా తిరిగి రాని వ్రాతలన్నీ తుడిచిపెట్టుకొని పోవచ్చు. కనుక ఇది చిన్న విషయం కాదు.

డెల్టా పల్లె నుండి స్టాన్‌ఫోర్డ్ దాకా

సాంబశివరావుగారు 1914లో, నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం ప్రాంతంలోని మోగల్లు గ్రామంలో జన్మించారు. అల్లూరి సీతారామరాజుగారి పూర్వుల గ్రామంగా కూడ మోగల్లు ప్రసిద్ధమే. ఆ రోజులలో గోదావరి, కృష్ణా డెల్టా పల్లెలకు కాలువ నీరు వచ్చింది గాని విద్యుత్తు ఇంకను రాలేదు. ఆముదపు దీపం, కిరోసిన్ లాంతరు వెలుగులో పెరిగిన తరం వారిది. అటువంటి పల్లెలో పుట్టిన బాలుడు పెరిగి పెద్దవాడై ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని అదుపు చేసే విద్యలో దేశానికి మార్గదర్శి కావడం ఆ తరం సాధించిన దూరానికి కొలబద్ద.

ఉన్నత విద్యకై ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయం చేరి, భౌతికశాస్త్రంలో ఎం.ఎస్‌సి. పట్టం పొంది, కొంతకాలం అక్కడనే బోధన, పరిశోధన సాగించారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన పిమ్మట టాటా విద్యార్థి వేతనం లభించగా అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టం పొందారు. ఆ కాలం ఎలక్ట్రానిక్స్ చరిత్రలో ఒక మలుపు. యుద్ధంలో రాడార్ కోసం జరిగిన కృషి వలన వాక్యూమ్ వాల్వుల విద్య ఎంతో ముందుకు సాగింది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. భౌతికశాస్త్రం చదివిన యువకుడు ఇంజనీరుగా మారుటకు అంతకంటె తగిన సమయం లేదు.

మౌనానికి రెండు అర్థాలు

స్వదేశానికి తిరిగి వచ్చిన సాంబశివరావుగారు బొంబాయిలో హోమీ జహంగీర్ భాభా నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధనా సంస్థలో చేరారు. 1945లో ప్రారంభమైన ఆ సంస్థలో ఆనాడు జరుగుతున్న ముఖ్య పరిశోధనలలో విశ్వకిరణాల అధ్యయనం ఒకటి. ఆకాశం నుండి నిరంతరం భూమిపై పడే సూక్ష్మకణాలను గైగర్ కౌంటరు వంటి సాధనాలతో లెక్కించాలి. ఆ సాధనాలను నడిపే ఎలక్ట్రానిక్ వలయాలను అంగడిలో కొనుటకు వీలులేదు. శాస్త్రజ్ఞులే వాటిని తయారుచేసుకొనవలసి వచ్చింది.

ఈ పనిలో ఒక గొప్ప పాఠం ఉన్నది. కౌంటరు ఒక గంట సేపు ఏమీ లెక్కించలేదనుకొందాము. దానికి రెండు అర్థాలుంటాయి. కణం ఏదీ రాలేదని ఒక అర్థం. కౌంటరే పనిచేయడం లేదని మరొక అర్థం. పరిశోధకుడు ఈ రెంటిలో ఏది నిజమో తేల్చుకొననిదే ఒక్క అడుగు కూడ ముందుకు వేయరాదు. అందుకని మొదట తెలిసిన కిరణధార్మిక పదార్థాన్ని సాధనానికి దగ్గరగా ఉంచి, అది లెక్కిస్తున్నదో లేదో చూచుకొంటారు. ముందు సాధనం బ్రతికి ఉన్నదని నిరూపణ, ఆ తరువాతనే ప్రకృతిని ప్రశ్నించుట.

మన కంప్యూటర్ తెర చీకటిగా ఉన్నప్పుడు కూడ అదే ప్రశ్న వేసుకొనవలెను. చీకటి తెరకు రెండు అర్థాలున్నవి. యంత్రం ఆగిపోయి ఉండవచ్చు, లేదా యంత్రం చక్కగా నడుస్తూ తెర మాత్రమే చెడి ఉండవచ్చు. మానిటర్‌కు వేరుగా విద్యుత్తు అందుతున్నదా, కేబుల్ రెండు చివరలా గట్టిగా కూర్చున్నదా, చిత్రాల కోసం విడిగా కార్డు ఉన్న యంత్రంలో కేబుల్‌ను ఆ కార్డుకే తగిలించారా అని మొదట చూడాలి. కీబోర్డుపై నమ్ లాక్ మీట నొక్కి చూడవచ్చు. దాని చిన్న దీపం నొక్కినప్పుడల్లా వెలిగి ఆరుతున్నదంటే యంత్రం చాలవరకు మేలుకొన్నదే, అనుమానం తెర వైపునకు మళ్ళవలెను. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

అప్సర - అనుమతి లేనిదే అడుగు లేదు

1954లో ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఏర్పడినది. దానికి 1967లో భాభా పేరు పెట్టారు. అక్కడి ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచి పోషించిన బాధ్యత సాంబశివరావుగారిది. ఆ విభాగానికి తొలి మహాపరీక్ష అప్సర రియాక్టర్. నీటి కొలను వంటి తొట్టిలో ఇంధనాన్ని ఉంచి నడిపే ఆ రియాక్టర్ 1956 ఆగస్టు 4న పనిచేయుట ఆరంభించింది. ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది గాని, రియాక్టర్‌ను అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థను సాంబశివరావుగారి బృందం మన దేశంలోనే నిర్మించింది. స్వాతంత్ర్యం వచ్చి తొమ్మిదేళ్ళు మాత్రమే గడచిన దేశంలో ఇది సామాన్యమైన సాహసం కాదు. అదుపు వ్యవస్థ తప్పు చేస్తే దాని ఫలితం ఒక్క ప్రయోగశాలతో పోదు, దేశం యొక్క అణు కార్యక్రమం పరువే పోతుంది.

రియాక్టర్‌ను ఆరంభించే పద్ధతి మన విషయానికి ఎంతో దగ్గరైనది. న్యూట్రాన్లను మింగివేసే కడ్డీలు లోపల ఉన్నంతవరకు రియాక్టర్ నిద్రిస్తూ ఉంటుంది. వాటిని మెల్లగా పైకి తీస్తే మేలుకొంటుంది. కాని కడ్డీ కదలవలెనంటే ముందు కొన్ని షరతులు నెరవేరాలి. కొలిచే సాధనాలు బ్రతికి ఉండాలి, విద్యుత్తు సరియైన మోతాదులో ఉండాలి, రక్షణ వ్యవస్థ సిద్ధంగా ఉండాలి. ఒక షరతు నెరవేరనిదే తరువాతి అడుగుకు అనుమతి ఉండదు. ఏదైనా లోపం కనిపిస్తే యంత్రం ముందుకు పోకుండా ఆగిపోవలెను. అనగా ఆగిపోవడం అక్కడ వైఫల్యం కాదు, రక్షణ.

కంప్యూటర్ కూడ సరిగా ఇదే విధంగా మేలుకొంటుంది. మీట నొక్కగానే పవర్ సప్లై పెట్టె, అనగా ఎస్.ఎం.పి.ఎస్., 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు అనే వేర్వేరు మోతాదులను తయారుచేస్తుంది. అవి నిలకడగా ఉన్నాయని తాను నిశ్చయించుకొన్న తరువాతనే మదర్‌బోర్డుకు ఒక అనుమతి సంకేతాన్ని పంపుతుంది. ఆ సంకేతం అందనిదే ప్రాసెసర్ తన పని మొదలుపెట్టదు. ఫ్యాను మాత్రం 12 వోల్టులు అందితే చాలును, తిరుగుతుంది. కనుక ఫ్యాను తిరుగుతున్నది గదా, విద్యుత్తు బాగున్నదని అనుకొనుట పొరపాటు. మూడు కాలువలలో ఒక కాలువలో నీరు కనిపించినంత మాత్రాన మిగిలిన రెండు కాలువలు నిండినట్లు కాదు.

భాభా నిర్యాణం, కొత్త సంస్థ

1962 నాటి చైనా యుద్ధం మన దేశంలో ఎలక్ట్రానిక్ పరికరాల కొరతను బట్టబయలు చేసింది. 1963లో భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ ఏర్పడినది. విక్రమ్ సారాభాయి, సూరి భగవంతం గార్లతో పాటు సాంబశివరావుగారు కూడ అందులో సభ్యులు. దేశం తనకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను తానే తయారుచేసుకొనవలెనన్నది ఆ కమిటీ చూపిన దారి. కాని 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాలలో జరిగిన విమాన ప్రమాదంలో భాభా మరణించారు. మార్గదర్శి లేని ఆ దశలో ఆలోచనను ఆచరణగా మార్చే భారం ఆయన సహచరులపై పడింది.

1967 ఏప్రిల్‌లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అనగా మనమందరం ఎరిగిన ఇ.సి.ఐ.ఎల్., స్థాపితమైనది. దానికి తొలి మేనేజింగ్ డైరెక్టరు సాంబశివరావుగారే. ట్రాంబే ప్రయోగశాలలో చిన్న ఎత్తున తయారైన పరికరాలను కర్మాగారంలో పెద్ద ఎత్తున ఉత్పత్తి చేయుట ఆ సంస్థ పని. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు తన యంత్రం ప్రక్కనే కూర్చుని దానిని బుజ్జగించి నడిపించగలడు. కర్మాగారం నుండి వెళ్ళిన యంత్రం ఎక్కడో దూరాన, దానిని తయారుచేసినవారెవరూ లేని చోట పనిచేయాలి. చెడిపోతే అక్కడివారే దాని లోపాన్ని కనుగొనగలగాలి.

ఈ సత్యానికి గొప్ప నిదర్శనం 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు జరిగిన ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం. అమెరికా ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు నేరుగా ప్రసారమైనవి. ఆ గ్రామాలలో పెట్టిన సెట్లను తయారుచేసినది ఇ.సి.ఐ.ఎల్. ఊరివారందరూ గుమిగూడి ఎదురుచూచే వేళకు సెట్టు వెలగకపోతే చెప్పుకొనుటకు ఎవరూ ఉండరు. యంత్రాన్ని తయారుచేయుట ఎంత గొప్ప పనియో, దానిని నడుస్తూ ఉండేటట్లు చూచుట కూడ అంత గొప్ప పనియే.

పాలకు తోడు, యంత్రానికి బూట్

సాంబశివరావుగారి నాయకత్వంలో ఇ.సి.ఐ.ఎల్. సాధించిన వాటిలో కంప్యూటర్ల నిర్మాణం ముఖ్యమైనది. అంతకు ముందు 1960లో టాటా సంస్థలో టిఫ్రాక్ అనే పెద్ద కంప్యూటర్‌ను వాక్యూమ్ వాల్వులతో మన శాస్త్రజ్ఞులే నిర్మించారు. 1969లో ట్రాన్సిస్టర్ యుగపు చిన్న కంప్యూటర్ టి.డి.సి. 12 వెలువడినది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని పూర్తి పేరు. 1970ల మధ్యలో టి.డి.సి. 312, టి.డి.సి. 316 వచ్చినవి. దేశంలోని అనేక సంస్థలలో కంప్యూటర్ విద్యను మొదటిసారి చేతితో తాకి నేర్చుకొన్నవారికి ఈ యంత్రాలు ఆధారమైనవి.

ఆ తరం చిన్న కంప్యూటర్లను మేలుకొలుపుట నేటివలె ఒక్క మీటతో జరిగే పని కాదు. కంప్యూటర్‌కు ఆజ్ఞలు జ్ఞాపకశాలలో ఉండాలి. ఆజ్ఞలను కాగితపు టేపు నుండి జ్ఞాపకశాలలోకి చదువుటకు కూడ మరికొన్ని ఆజ్ఞలు కావాలి. మరి ఆ మొదటి ఆజ్ఞలు ఎక్కడ నుండి రావాలి? పాలు పెరుగు కావలెనంటే ముందుగా కొంచెం పెరుగును తోడు వేయాలి. తోడు లేనిదే ఎంత పాలున్నా పెరుగు కాదు. అదే విధంగా యంత్రం ముఖఫలకంపై ఉన్న స్విచ్‌లను ఒక్కొక్కటిగా పైకి, క్రిందికి త్రిప్పి, కొద్దిపాటి ఆజ్ఞలను మనిషే చేతితో లోపలికి పంపేవాడు. ఆ కొద్ది ఆజ్ఞలు టేపును చదివేవి. టేపు మిగిలిన వ్యవస్థను లోపలికి తెచ్చేది. 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పనిచేసిన ఎడ్‌శాక్ అనే కంప్యూటర్‌లో ఈ తోడును స్విచ్‌లలో శాశ్వతంగా అమర్చారు. బూటు పట్టీని పట్టుకొని తనను తాను పైకి లేపుకొనుట అనే ఆంగ్ల సామెత నుండి ఈ క్రియకు బూట్ అనే పేరు వచ్చింది.

నేటి యంత్రంలో ఆ తోడు మదర్‌బోర్డుపై ఒక చిన్న చిప్‌లో ఉంటుంది. దానినే బయోస్ అని వాడుకగా పిలుస్తాము. ప్రాసెసర్ మేలుకొని మొట్టమొదట దానిని చదువుతుంది. అది జ్ఞాపకశాలను, చిత్రాల భాగాన్ని, కీబోర్డును, డిస్కును వరుసగా పరీక్షించి, చివరకు డిస్కులో ఉన్న పెద్ద వ్యవస్థకు పగ్గాలు అప్పగిస్తుంది. వెనుకటి యంత్రాలకు ముఖంపైనే దీపాల వరుస ఉండేది, ఎక్కడ ఆగినదో దీపాలు చెప్పేవి. నేటి యంత్రాలలో ఆ దీపాలు బయటకు కనిపించవు. అయినను చాల మదర్‌బోర్డులకు చిన్న స్పీకరు ద్వారా కూతలు పెట్టే ఏర్పాటు ఉన్నది. కొన్ని కొత్త బోర్డులపై ప్రాసెసర్, జ్ఞాపకశాల, చిత్రాలు, బూట్ అనే నాలుగింటికి నాలుగు చిన్న దీపాలుంటాయి. వెలిగి నిలిచిపోయిన దీపమే ఆగిన చోటును చూపుతుంది. కూతల అర్థం తయారీదారును బట్టి మారుతుంది గనుక బోర్డుతో వచ్చిన పుస్తకాన్ని భద్రపరచుకొనుట అవసరం.

నీరు ఎక్కడి దాకా వచ్చినది?

మన ప్రాంతంలో కాలువ కడపటి భూముల రైతుకు ఈ విద్య పుట్టుకతోనే తెలుసు. రేపల్లె ప్రాంతంలో చేనికి నీరు అందకపోతే రైతు వెంటనే విజయవాడ బ్యారేజిని నిందించడు. చేలో నుండి బయలుదేరి బోదె వెంట, పంట కాలువ వెంట పైకి నడుస్తాడు. నీరు కనిపించిన చివరి చోటు, కనిపించని మొదటి చోటు, ఈ రెంటి మధ్యనే అడ్డు ఉన్నదని గ్రహిస్తాడు. మూసుకొనిపోయిన తూమో, తెగిన గట్టో అక్కడే దొరుకుతుంది. మొరాయించిన కంప్యూటర్ ముందు కూడ వేయవలసిన ప్రశ్న ఇదే. ఎక్కడి దాకా వచ్చి ఆగినది?

తెరపై ఏమీ రాకపోతే అడ్డు తొలి దశలలో ఉన్నది. ముందుగా గోడ నుండి ప్లగ్గు తీసివేసి, మీటను కొన్ని క్షణాలు నొక్కి మిగిలిన విద్యుత్తును పోనివ్వాలి. పెట్టె లోహపు భాగాన్ని తాకి, మన శరీరంలోని స్థిర విద్యుత్తును కూడ పోగొట్టుకోవాలి. తరువాత ర్యామ్ పలకలను తీసి, వాటి బంగారు రంగు అంచులను మెత్తని పొడి గుడ్డతో గాని, శుభ్రమైన రబ్బరుతో గాని మెల్లగా తుడిచి, తిరిగి గట్టిగా కూర్చవలెను. బాపట్ల, రేపల్లె వైపు సముద్రపు తేమ గాలి, తెనాలి వైపు బియ్యపు మిల్లుల ఊక ధూళి ఈ అంచులకు శత్రువులు. పలకలు రెండు ఉంటే ఒక్కొక్కదానితో వేరువేరుగా ప్రయత్నించాలి. స్పీకరు ఉన్న యంత్రంలో పలకలన్నీ తీసివేసి మీట నొక్కినప్పుడు కూత వినిపిస్తే ప్రాసెసరూ, బయోసూ బ్రతికి ఉన్నాయని అర్థం. ఆ కూత గొప్ప శుభవార్త.

ప్రాసెసర్ ప్రక్కన 12 వోల్టులు తెచ్చే నాలుగు లేక ఎనిమిది పిన్నుల తీగ ఒకటి ఉంటుంది. అది ఊడిపోయినా ఫ్యానులు తిరుగుతూనే ఉంటాయి, పని మాత్రం జరగదు. దానిని తప్పక చూడాలి. ఆ పైన డిస్కు, అదనపు కార్డులు, పెన్ డ్రైవుల వంటివన్నీ విడదీసి, తప్పనిసరి భాగాలతో మాత్రమే ప్రయత్నించాలి. అప్పుడు మేలుకొంటే, ప్రతిసారీ విద్యుత్తు ఆపి, ఒక్కొక్క భాగాన్నే తిరిగి చేర్చవలెను. ఏ భాగం చేర్చగానే యంత్రం మళ్ళీ మొరాయిస్తుందో అదే దోషి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే, యంత్రం బాగుపడినా ఎందుకు బాగుపడినదో తెలియదు. తెలియని బాగు నిలువదు. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ దాని లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చును. మంచిదని తెలిసిన మరొక పెట్టెతో మార్చి చూచుటే దానికి పరీక్ష.

తెరపై తయారీదారు గుర్తు వచ్చి, బూట్ చేయదగిన సాధనం దొరకలేదన్న వాక్యం కనిపిస్తే విచారింప పనిలేదు. విద్యుత్తు, ప్రాసెసర్, జ్ఞాపకశాల, తెర అన్నీ తమ పరీక్షలలో నెగ్గినవి. అడ్డు చివరి తూము దగ్గర ఉన్నది. ఎవరో మరచిపోయిన పెన్ డ్రైవు ఉన్నదేమో చూడాలి. బోర్డుపై ఉండే 3 వోల్టుల బటన్ సెల్, అనగా సి.ఆర్. 2032, నీరసిస్తే గడియారం పాత తేదీకి పోతుంది, ఏ సాధనం నుండి మేలుకొనవలెనన్న వరుస కూడ మారిపోవచ్చు. బయోస్‌లోకి వెళ్ళి డిస్కు పేరు కనిపిస్తున్నదో లేదో చూడాలి. కనిపించకపోతే కేబుల్ గాని, డిస్కు గాని చెడి ఉండవచ్చును. కనిపిస్తే లోపం ఆజ్ఞలలోనిది కావచ్చును, అయినను డిస్కు లోపం లేదని పూర్తిగా చెప్పలేము. ఈ ఘట్టంలోనే చాలమంది ఫార్మాట్ చేయవలెనంటారు. వేరొక పెన్ డ్రైవు ద్వారా యంత్రాన్ని మేలుకొలిపి, ముందు వ్రాతలన్నిటినీ భద్రమైన చోటికి నకలు తీసుకొనిన తరువాతనే ఆ మాట ఎత్తవలెను. డిస్కు టక్కు టక్కుమని శబ్దం చేస్తున్న యెడల ప్రయత్నాలు మాని, దానిని నిపుణునికి అప్పగించుట మేలు. ప్రతి ప్రయత్నమూ మిగిలిన వ్రాతలను ఇంకొంత పాడుచేయవచ్చును.

ఇట్లు మెట్టు మెట్టుగా సాగే పద్ధతికి అల్గారిథమ్ అని పేరు. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో గణితశాస్త్రాన్ని వికసింపజేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండియే ఆ పదం పుట్టినది. మన చేతిలోని యంత్రం ఏ దేశంలో తయారైనా, దానిని ప్రశ్నించే పద్ధతి మానవజాతి ఉమ్మడి ఆస్తి.

మరమ్మతు కూడ స్వాతంత్ర్యమే

పెద్ద కంప్యూటర్ల విషయంలో దేశం ఈ సత్యాన్ని 1978లో అనుభవించింది. ఆ సంవత్సరం ఐ.బి.ఎం. సంస్థ భారతదేశం నుండి నిష్క్రమించింది. దాని యంత్రాలు మాత్రం మన సంస్థలలో మిగిలిపోయినవి. చెడితే బాగుచేయువారెవరు అన్న ప్రశ్న ఎదురైనది. 1975లో ప్రభుత్వం స్థాపించిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ ఆ బాధ్యతను స్వీకరించింది. యంత్రాన్ని కొనుటకు డబ్బు చాలును. దానిని అర్థం చేసుకొనుటకు మనుషులు కావాలి. అటువంటి మనుషులను తయారుచేసే వాతావరణం దేశంలో ఏర్పడుటకు ట్రాంబేలో, హైదరాబాదులో సాంబశివరావుగారి వంటివారు పాతికేళ్ళకు పైగా చేసిన కృషి తోడ్పడినది.

ఆ కృషికి తగిన గౌరవం లభించింది. 1960లో పద్మశ్రీ, 1965లో ఇంజనీరింగ్ శాస్త్రాలలో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ ఆయనను వరించినవి. 1978లో ఇ.సి.ఐ.ఎల్. నుండి పదవీ విరమణ చేశారు. ఆయన విరమించిన తరువాత కూడ ఆ సంస్థ సాగిపోయినది. 1980ల నుండి మన ఎన్నికలలో ప్రవేశించిన ఎలక్ట్రానిక్ వోటింగ్ యంత్రాలను తయారుచేసిన రెండు ప్రభుత్వ సంస్థలలో అది ఒకటి. వ్యవస్థాపకుడు లేనినాడు కూడ సంస్థ నడవడమే అతని నిర్మాణానికి పరీక్ష. సాంబశివరావుగారు 2003లో పరమపదించారు. హైదరాబాదులో కర్మాగారానికి సమీపాన వెలసిన నివాస ప్రాంతం ఏ. ఎస్. రావు నగర్ అనే పేరుతో నేటికీ ఆయనను స్మరింపజేస్తున్నది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఆ మహనీయునికి మనం సమర్పించగల నివాళి పుష్పమాల ఒక్కటే కానక్కరలేదు. మన కంప్యూటర్ గదిలో ఒక చిన్న అలమార ఏర్పాటు చేయవలసినదిగా కళాశాల సంఘ సభ్యులను సవినయంగా కోరుచున్నాము. మంచిదని పరీక్షించి ఉంచిన ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి, గదిలోని యంత్రాలకు సరిపడే ర్యామ్ పలకలు, నాలుగు బటన్ సెల్లులు, ఒక మానిటర్ కేబుల్, ఒక డిస్కు కేబుల్, ఒక మెత్తని కుంచె అందులో ఉంటే చాలును. కొత్త యంత్రం ధరలో ఇది స్వల్ప భాగమే. వాటి ప్రక్కన ఒక రిజిస్టరు ఉంచవలెను. తేదీ, యంత్రం సంఖ్య, కనిపించిన లక్షణం, ఎక్కడి దాకా వచ్చి ఆగినది, ఏ ఒక్క మార్పు చేశారు, ఫలితమేమి అని అందులో వ్రాయాలి. ఉర్దూ శాఖవారు ఉర్దూలోను, తెలుగు శాఖవారు తెలుగులోను వ్రాయవచ్చును. ఈ ఏడాది చదివినవారు వెళ్ళిపోయినా, వారు కనుగొన్నది మరుసటి ఏడాది వచ్చేవారికి మిగులుతుంది.

మోగల్లు వంటి పల్లెలో పుట్టినవారు అప్సరను అదుపు చేయగలిగినప్పుడు, తెనాలి, బాపట్ల, రేపల్లెలలో పుట్టిన మన పిల్లలు ఒక పెట్టె మూత విప్పి, అది ఎక్కడ ఆగినదో కనుగొనుటకు జంకవలసిన పనిలేదు. ప్లగ్గు తీసి, చేతులు తుడుచుకొని, ఒక్కొక్క మెట్టుగా ప్రశ్నించుటయే కావలసినది.